గృహారోగ్యము: ముసలితనమని విడువకుడు



ఇంటిలోని వృద్ధులు నెమ్మదిగా నడచినను, వారి చేయి వడకినను, మాట సన్నగిల్లినను "వయసు మీఱినది" అని మనమూరకుందుము. ఆ యొక్క మాటవలన ఎంత నష్టము కలుగునో నాకు మా పెద్దమ్మవలన తెలియవచ్చినది. ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట ఆ వ్యాధిని గూర్చి గృహిణులు తెలిసికొనవలసిన విషయములు వ్రాసెదను.

మా పెద్దమ్మది ఆత్మకూరు. నైజాము రాజ్యమున ఒక సంస్థానమునకు స్థానమై, నేడు వనపర్తి జిల్లాలో చేరియున్న యూరది. జొన్నరొట్టె అచ్చటివారికి నిత్యాహారము. పెద్దమ్మ రొట్టె తట్టుచున్నప్పుడు ఆ చప్పుడు తాళము తప్పక వీథిలోనికి వినబడెడిది. కొన్నేండ్ల క్రిందట కురుమూర్తి జాతరకు పోవుచు వారింట దిగితిని. ఆ నాడు రొట్టె చప్పుడు మాఱియుండెను. కుడిచేయి రెండు మూడు దెబ్బలు సరిగా వేసి, పిదప నానాటికి కాదు, క్షణక్షణమునకు చిన్నదై, నెమ్మదించి, నిలిచిపోవుచుండెను. ముంగిటనున్న ముగ్గును చూచితిని. వాకిలి నిండ పఱచుకొను ముగ్గు అరచేతి వెడల్పున ముడుచుకొనియుండెను.

కోడలిని అడుగగా ఆమె కన్నుల నీరు పెట్టుకొన్నది. "అత్తమ్మకు నామీద ఏదో కోపమున్నది. ఏడాదినుండి ముఖమున నవ్వులేదు. పలుకరించిన, నోటిలోనే గొణుగును. మొన్న పాలు పొంగి మాడి ఇల్లంతయు కంపు కొట్టుచున్నను, ప్రక్కనే కూర్చుండి ఒక్క మాట చెప్పలేదు" అనెను. కుమారుడు, ఇదంతయు నీళ్ళదోషమనియు, నడుము పట్టినదనియు చెప్పెను. అప్పటికి బలమునకు మందులు, నొప్పులకు సూదిమందులు చాలనే అయినవి.

సాయంకాలము పెద్దమ్మను ఒంటరిగా కూర్చుండబెట్టుకొని అడిగితిని. "కోపమెందుకు బిడ్డా! నవ్వవలెననియే యుండును. ముఖము కదలదు" అని అతి మెల్లగా చెప్పినది.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. పదిదినములలో ఆమెను హైదరాబాదునకు తీసికొనిపోయితిమి. నాడీవైద్యుడు ఆమె బొటనవ్రేలిని చూపుడువ్రేలితో వడివడిగా తట్టుమనెను, పిడికిలి ముడిచి విప్పుమనెను, వసారాలో నడువుమనెను. వ్రేళ్ళ తట్టుడు రొట్టె తట్టుడువలెనే చిన్నదై నిలిచిపోయెను. నడచునప్పుడు ఎడమచేయి ఊగుచుండగా కుడిచేయి ప్రక్కకు అంటుకొనియుండెను. ఇది పార్కిన్సను వ్యాధి యని వైద్యుడు చెప్పెను. కోడలు రెండేండ్లుగా వంటయింటిలో చూచుచున్న దానినే ఆయన పరీక్షగా చూచెను. చూచినదానికి పేరు తెలియకపోవుటయే మన లోపము.

వ్యాధి యేమి? మన మెదడు నడుమ నల్లని వన్నెగల చిన్న భాగమొకటి కలదు. అందలి కణములు డోపమిను అను రసమును తయారుచేయును. మనము తలచిన పని అవయవములచేత సులువుగా జరుగుటకు ఈ రసము కావలెను. తెలియని కారణమున ఆ కణములు క్రమముగా నశించుటయే ఈ వ్యాధి. లక్షణములు పైకి కనబడునప్పటికి అందు సగమునకు మించి పోయియుండును. అఱువదేండ్లు దాటినవారియందు ఇది హెచ్చు. కొందఱికి నలువదియేండ్లకు ముందే రావచ్చును. స్త్రీలకంటె పురుషులకు కొంత ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. నూటికి చాలమందికి వంశమువలన వచ్చునది కాదు. కొన్ని పురుగుమందులతో చిరకాలము పనిచేసినవారికి ఈ వ్యాధి హెచ్చుగా వచ్చుచున్నదని పరిశోధకులు గుర్తించిరి. పైరులకు మందు చల్లు ఇండ్లవారు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

1817వ సంవత్సరమున లండను నగరమున జేమ్సు పార్కిన్సను అను వైద్యుడు ఆర్గురు రోగులను వర్ణించి చిన్న గ్రంథము వ్రాసెను. వారిలో కొందఱిని ఆయన వీథిలో నడచుచుండగా చూచినవాడే. ఆయన పేరే వ్యాధికి నిలిచినది. మన ఆయుర్వేదమున దీనికి కంపవాతమను పేరు వాడుకలో నున్నది.

లక్షణములు: వడకు అనగానే చాలమంది దీనినే తలంతురు. కాని కొందఱికి వడకు ఉండనే యుండదు. ఉన్నచో, చేయి ఒడిలో ఊరక యుండునప్పుడు వడకును. గిన్నె అందుకొన్నప్పుడు తగ్గును. గ్లాసు ఎత్తునప్పుడే వడకి, ఊరకున్నప్పుడు నిలిచిపోవు వడకు సాధారణముగా వేఱొక జబ్బు. అసలు లక్షణము మాంద్యము, అనగా పని నెమ్మదించుట, చేయుకొలది చిన్నదగుట. వ్రాయువారికి అక్షరములు చిన్నవగును. వ్రాయనివారికి ముగ్గు చిన్నదగును. కండరములు బిగియును. ముఖమున భావము కనబడదు. కంఠము తగ్గును. వ్యాధి ఒక ప్రక్కనే మొదలగుట తఱచు.

వీనికి ఎన్నో యేండ్ల ముందే కొన్ని గుర్తులు పొడచూపవచ్చును. వాసన తెలియకపోవుట అందొకటి. మాడిన పాలు పెద్దమ్మ ముక్కునకు తెలియనేలేదు. విడువని మలబద్ధము రెండవది. నిద్రలో కలకు తగినట్లు కేకలు వేయుట, కాలు చేయి విసరుట మూడవది. దీనిని చూచి గాలి సోకినదని తాయెతులు కట్టించువారు కలరు. ఈ గుర్తులలో ఒక్కటి యున్నంతమాత్రమున వ్యాధి వచ్చినట్లు కాదు. పలు గుర్తులు కూడినచో వైద్యునికి చూపవలెను. మనసు క్రుంగుట కూడ ఈ వ్యాధిలోని భాగమే. "ధైర్యము తెచ్చుకొనుము" అని బోధించినంత మాత్రమున అది పోదు. దానికిని చికిత్స కలదు.

నల్లగొండ, మహబూబునగరము సీమలవారు ఇంకొక సంగతి గమనింపవలెను. అచ్చట కొన్ని గ్రామముల బావినీటను, బోరునీటను ఫ్లోరైడు హెచ్చుగా నుండుట నిజమే. అట్టి నీరు చిరకాలము త్రాగినవారికి ఎముకలు, కీళ్ళు చెడి మెడయు నడుమును వంగకుండును. కావున వృద్ధులు బిగిసినపుడెల్ల నీటిమీద నెపము వేయుట అలవాటైనది. ఒక ప్రక్క చేయి వడకుట, ముఖము బిగియుట, అడుగు చిన్నదగుట నీటివలన వచ్చు లక్షణములు కావు. రెండును ఒక్కరికే ఉండవచ్చును గూడ.

మఱియొక జాగ్రత్త. వాంతులకిచ్చు కొన్ని మాత్రలు, మానసికవ్యాధులకిచ్చు కొన్ని మందులు నచ్చముగా ఈ లక్షణములనే కలిగింపవచ్చును. వైద్యుని సలహాపై వానిని మాన్పినచో సాధారణముగా క్రమక్రమముగా తగ్గును. అందుచేత ఇంటనున్న మాత్రలన్నియు సంచిలో వేసికొని వైద్యునికి చూపుడు. ఈ వ్యాధిని నిశ్చయముగా తేల్చు రక్తపరీక్ష వైద్యుల చేతికింకను నిత్యవాడుకగా రాలేదు. అనుభవముగల వైద్యుని కన్నే ముఖ్యము.

చికిత్స: వ్యాధిని రూపుమాపు మందు నేటికిని లేదు. కాని లక్షణములను అణచి, పెక్కేండ్లు పనిపాటలు చేసికొనునట్లు చేయు మందులు కలవు. 1957లో స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సను డోపమిను ప్రాముఖ్యమును తెలిసికొనెను; అందులకు 2000వ సంవత్సరమున ఆయనకు నోబెలు బహుమానము లభించెను. 1960 ప్రాంతమున వియన్నా వైద్యులు రోగుల మెదడున ఈ రసము లోపించుట కనిపెట్టిరి. 1967లో అమెరికాయందు కోట్జియాసను వైద్యుడు లెవోడోపా అను మందును హెచ్చుమోతాదున నిచ్చి మంచము పట్టినవారిని నడపించెను. నేటికిని అదియే ప్రధానౌషధము.

ఈ మందు మన పొలముగట్లకు క్రొత్తది కాదు. దూలగొండి గింజలలో ఇదే పదార్థమున్నదని 1937లో మద్రాసునందు దామోదరను, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వేఱుచేసి చూపిరి. అంతమాత్రమున ఆ గింజలు దంచి పెట్టరాదు. ఏ గింజలో ఎంత మందున్నదో మనకు తెలియదు. మాత్రలతో కలిసినచో మోతాదు మించి వాంతులు, భ్రమలు, శరీరము మెలికలు తిరుగుట కలుగవచ్చును.

మాత్ర వేయుటలో గృహిణి రెండు నియమములు పాటింపవలెను. మొదటిది, గడియారము ప్రకారము వేయుట. రెండవది, వైద్యుడు వేఱుగా చెప్పనిచో భోజనమునకు అరగంట, గంట ముందే వేయుట. పప్పు, పాలు, మాంసములందలి మాంసకృత్తులు మందును మెదడునకు చేరనీయక అడ్డుపడును. పప్పు మాన్పింపవలదు, వేళ మార్చిన చాలును. ఎట్టి పరిస్థితులందును మందును హఠాత్తుగా ఆపరాదు, ప్రాణాపాయము కలుగవచ్చును. కొన్నేండ్లకు మందు బలము త్వరగా తగ్గుచుండును. అప్పుడు మోతాదు మార్పించుకొనవలెను. లేని మనుష్యులు కనబడుచున్నారని రోగి చెప్పినచో భూతవైద్యునికి గాక మందిచ్చిన వైద్యునికి తెలుపుడు. కొందఱికి మెదడులో సన్నని తీగలు అమర్చి విద్యుత్తుచే లక్షణములు తగ్గించు శస్త్రచికిత్స హైదరాబాదు నిమ్సు ఆసుపత్రిలో జరుగుచున్నది. అది అందఱికి తగినది కాదు.

ఇంట చేయవలసినవి: ఈ రోగులకు గడపయొద్ద పాదములు నేలకంటుకొన్నట్లు నిలిచిపోవును. చేయిపట్టి లాగితిరా, ముందునకు పడుదురు. నిలువనిచ్చి, నిటారుగా నిలువుమని, "ఒకటి, రెండు" అని తాళము వేయుడు. గడపకు ముందు సుద్దముక్కతో అడుగుదూరమున అడ్డగీతలు గీచి "గీత దాటుము" అనినచో ఎందఱికో పాదము తనంతట లేచును. మా కోడలు బతుకమ్మ చప్పట్ల వరుస వేయును. ఆ తాళమునకు పెద్దమ్మ నడుచును.

పడక నుండి లేచినంతనే నిలువనీయరాదు. రక్తపుపోటు తగ్గి కన్నులు తిరుగును. కొంచెము కూర్చుండి లేవవలెను. చీర కుచ్చిళ్ళు చీలమండకు పైగా నుండవలెను. రవికెకు కొక్కెములకు బదులు ఒత్తుగుండీలు కుట్టించుడు. స్నానపుగదిలో పట్టుకొన కడ్డీ, రాత్రి చిన్నదీపము అవసరము. కూర్చుండబెట్టి, చిన్నముద్దలుగా, తొందరలేక తినిపింపవలెను. దినదినము నడిపింపవలెను, భజనపాటలు బిగ్గరగా పాడింపవలెను. వారు చేసికొనగల పనిని జాలిచేత మనము లాగికొనరాదు. ఆలస్యమైనను వారినే చేయనిండు.

ఈ సేవ యంతయు కోడలి నెత్తిననే పడుట న్యాయము కాదు. మాత్రల వేళ కుమారుడు చూడవచ్చును. నడిపించుట మనుమలు చేయవచ్చును.

మందు మొదలిడిన రెండు మాసములకు ఆత్మకూరునుండి కోడలు ఫోను చేసెను. ఏమియు చెప్పక, వంటయింటి చప్పుడు వినిపించెను. అది పూర్వపు వేగము కాదు. నడుమ నడుమ ఆగుచుండెను. అయినను మరల మొదలగుచుండెను. "అత్తమ్మ తన రొట్టె తానే చేసికొనుచున్నది. ఇందాక నన్ను చూచి నవ్వినది" అనెను. వ్యాధి పోలేదు, ముందుముందు పెరుగును గూడ. కాని ఆ యింట నిష్కారణముగా నిలిచిన కోపము పోయినది.

మీ యింటి వృద్ధుల చేతిపనిని ఈ మాసము ఒక్కసారి శ్రద్ధగా చూడుడు. వారు పోసిన ముగ్గు, తట్టిన రొట్టె, ఊగని చేయి, నవ్వని ముఖము కనబడినచో వైద్యునియొద్దకు తీసికొనిపొండు. వచ్చు మాసమున, వృద్ధులు జారిపడి ఎముకలు విరుగకుండ ఇంటిని ఎట్లు దిద్దుకొనవలెనో వ్రాసెదను.