గట్టి పాలన కోరుకునే ముందు ఎమర్జెన్సీని గుర్తు చేసుకుందాం



ఈ మధ్య గేటు మీటింగుల్లోనూ, టీ అంగళ్ల దగ్గరా ఒక మాట తరచుగా మా చెవిన పడుతోంది. "ఈ దేశానికి ఒక గట్టి మనిషి కావాల. నాలుగేండ్లు ఎవురూ నోరెత్తకుండా చేస్తే అంతా దారికొస్తుంది" అని. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం పల్లెల నుండి పనికి వస్తున్న యువకులే ఎక్కువగా ఇలా అంటున్నారు. వారిపై మాకు కోపం లేదు. జీతం చాలక, ఒక సంతకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగినవాడి నోట ఈ మాట రావడం సహజమే. అయితే అటువంటి పాలన మన దేశంలో 21 నెలలు నడిచింది. అది కార్మికుణ్ణి ఏం చేసిందో ముందు తెలుసుకుందాం.

1975 జూన్ 25 రాత్రి ఇందిరాగాంధీ ప్రభుత్వం ఎమర్జెన్సీ విధించింది. అంతకు ఏడాది ముందే, 1974 మేలో, దేశవ్యాప్తంగా జరిగిన రైల్వే సమ్మెను వేలాది అరెస్టులతో మూడు వారాల్లో అణచివేశారు. దేశమంతటికీ తర్వాత వచ్చిన నిర్బంధం రైల్వే కార్మికులకు ముందే రుచి చూపించారన్నమాట.

ఎమర్జెన్సీలో పత్రికలకు సెన్సారు పెట్టారు. సభలు, ఊరేగింపులు ఆగిపోయాయి. మీసా, డి.ఐ.ఆర్. చట్టాల కింద లక్షమందికి పైగా జైళ్లపాలయ్యారు. అన్యాయంగా జైల్లో పెట్టారని కోర్టుకు వెళ్లే హక్కు కూడా ఎమర్జెన్సీలో లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులలో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే దానిని కాదన్నారు. 1976-77లో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో బలవంతంగా చేసినవి ఎన్నో. ఆపరేషన్లకు మనుషుల్ని తీసుకురాలేదని టీచర్ల జీతాలు ఆపిన చోట్లు కూడా ఉన్నాయి.

ఇక బోనసు సంగతి చూడండి. కార్మికులు పోరాడి కనీస బోనసును 8.33 శాతానికి, అంటే ఒక నెల జీతానికి, పెంచుకున్నారు. 1975 సెప్టెంబరులో ఒక్క ఆర్డినెన్సుతో దానిని 4 శాతానికి దించారు. నెలకు 300 రూపాయలు సంపాదించే మనిషికి ఏడాదికి రావలసిన 300 రూపాయల బోనసు 144 రూపాయలైంది. అడగడానికి సమ్మె లేదు, రాయడానికి పత్రిక లేదు. ఎమర్జెన్సీని బలపరచిన పెద్ద కార్మిక సంఘాలూ అప్పుడు ఉండేవి. వాటి సభ్యులకు కూడా ఈ కోత తప్పలేదు. ఆ ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిన తర్వాత, 1977లోనే 8.33 శాతం తిరిగి వచ్చింది.

ఇదంతా ఎక్కడో ఢిల్లీలో జరిగిందని అనుకోవద్దు. మన తాలూకాలు అప్పటికి కోలారు జిల్లాలో ఉండేవి. మనకు దగ్గరలోని బెంగళూరులోనే, రైల్వే సమ్మెకు నాయకత్వం వహించిన జార్జి ఫెర్నాండెజ్ ఆచూకీ చెప్పమని ఆయన తమ్ముడు లారెన్స్‌ను 1976 మేలో పోలీసులు చిత్రహింసలు పెట్టారు. అదే నెలలో తెలుగు కవి, సినీ దర్శకుడు పఠాభి భార్య, "సంస్కార" చిత్ర నటి స్నేహలతారెడ్డిని బెంగళూరు సెంట్రల్ జైలులో పెట్టారు. ఆమెకు ఉబ్బసం. ఎనిమిది నెలల తర్వాత పెరోలుపై వదిలారు. వదిలిన ఐదు రోజులకే, 1977 జనవరి 20న ఆమె చనిపోయింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతు ఉద్యమకారులను ముషీరాబాద్ జైలులో ఉరితీశారు.

"మరి వెట్టిచాకిరీ రద్దు చేసింది ఎమర్జెన్సీలోనే కదా?" అని పెద్దలు కొందరు అడుగుతారు. నిజమే. 1975 అక్టోబరులో ఆ ఆర్డినెన్సు వచ్చింది. జీతానికి కుదిరి అప్పు తీరక తరాల తరబడి చాకిరీ చేసిన కుటుంబాలకు అది మేలు చేసింది. దానిని మేము తక్కువ చేయము. అయితే దానికి నోళ్లు మూయించవలసిన అవసరం ఏముంది? మన రాష్ట్రంలో కౌలు రైతుకు భూమి హక్కు ఇచ్చిన దేవరాజ్ అర్స్ భూసంస్కరణలు 1974 మార్చిలోనే, ఎమర్జెన్సీ లేకుండానే అమలులోకి వచ్చాయి. పైగా చట్టం కాగితం మీద ఉంటే చాలదు. దొర దాన్ని తొక్కిపెడితే అడగడానికి కూలివాడికి సంఘం ఉండాలి, సభ పెట్టుకునే స్వేచ్ఛ ఉండాలి.

జర్మనీ చరిత్ర కూడా మన కార్మికులు తెలుసుకోవాలి. 1933 జనవరిలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. అక్కడి పెద్ద సంఘాల నాయకులు తలవంచుకుని ఉంటే సంఘమైనా మిగులుతుందని ఆశపడ్డారు. హిట్లరు ప్రభుత్వం మే డేకు జీతంతో సెలవు ప్రకటించి ఉత్సవాలు చేసింది. పాల్గొనమని ఆ నాయకులే సభ్యులకు చెప్పారు. మే 2 ఉదయం హిట్లరు దళాలు సంఘం ఆఫీసులను ఆక్రమించి, నాయకులను అరెస్టు చేసి, సభ్యులు చందాలుగా కట్టిన డబ్బును లాక్కున్నాయి. సెలవు ఇచ్చిన మరునాడే సంఘం పోయింది.

1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాది జనం ఎమర్జెన్సీని ఓడించారు. కర్ణాటకలో మాత్రం 28 సీట్లలో 26, ఆంధ్రలో 42లో 41 ఆ పార్టీకే వచ్చాయి. సెన్సారు వల్ల చాలామందికి జరిగింది తెలియకపోవడం, భూమి దక్కిన పేదల కృతజ్ఞత, రెండూ దానికి కారణాలని మా అభిప్రాయం. తెలియనిదానిపై ఎవరూ తీర్పు చెప్పలేరు. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాము.

ఇది ఒక జెండాకు సంబంధించిన విషయం కాదు. అప్పటి పాలకులు వేరు, తర్వాత వచ్చినవారు వేరు. 2023లో కర్ణాటక శాసనసభ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, వారానికి 48 గంటలకు లోబడి రోజుకు 12 గంటల పనికి దారి తెరిచింది. కార్మికుని రాతపూర్వక సమ్మతి ఉండాలన్నారు. సూపర్‌వైజరు కాగితం ముందు పెడితే, ఒంటరిగా నిలబడ్డ కార్మికుడు సంతకం పెట్టనని అనగలడా? 2025 నవంబరు నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు నోటీసు లేకుండా సమ్మె చేయడం చట్టవిరుద్ధం. ఇవి ఎమర్జెన్సీ అని మేము అనడం లేదు. ఎన్నికలున్నాయి, కోర్టులున్నాయి, ఈ బులెటిన్ అచ్చవుతోంది. కనుక ఇప్పుడే మాట్లాడాలి.

సభ్యులందరికీ మా మనవి ఇది. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు, సంఘం ఆఫీసుకు తీసుకురండి. జనరల్ బాడీకి తప్పక రండి. లెక్కలు అడగండి, మమ్మల్ని కూడా నిలదీయండి. నాయకుణ్ణి అడగడం అలవాటైనవాడే రేపు పాలకుణ్ణి అడగగలడు. మన జిల్లాలోనే, విదురాశ్వత్థంలో, 1938 ఏప్రిల్ 25న జెండా ఎగురవేసి సభ జరుపుకోవడానికి కూడిన జనం పోలీసు తూటాలకు బలయ్యారు. సభ పెట్టుకునే హక్కు మనకు అంత ఖరీదుకు వచ్చింది. ఎవరో గట్టి మనిషి వస్తాడని దానిని అప్పగించవద్దు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!