దిగులుకు దరువు
అమెరికన్ రాక్ బ్యాండ్ ‘ది నేషనల్’ పాటలన్నీ ఒకటే ఏడుపని పెదవి విరిచేవాళ్లకు నాదొక మనవి: గొంతును కాసేపు పక్కనపెట్టి డ్రమ్స్ వినండి. గాయకుడు మాట్ బెర్నింగర్ మంద్రంలో గొణుగుతుంటే లెనార్డ్ కోహెన్, నిక్ కేవ్ లాంటి గాయకులు గుర్తొస్తారు, నిజమే. కానీ వెనక బ్రయన్ డెవెండార్ఫ్ దరువు ఆ దిగులును ఒకచోట కూర్చోనివ్వదు, తరుముతూనే ఉంటుంది. యేల్‌లో సంగీతం చదివిన గిటారిస్టు బ్రైస్ డెస్నర్ వయొలిన్లూ బూరలూ తెచ్చి చేరుస్తాడు. 2013లో న్యూయార్క్‌లోని మోమా పీఎస్ వన్ కళాకేంద్రంలో, ఐస్‌లాండ్ కళాకారుడు రాగ్నర్ క్యార్టన్సన్ ఆలోచన మేరకు, ‘సారో’ (దుఃఖం) అనే మూడున్నర నిమిషాల పాటనే ఆరు గంటలు మళ్లీ మళ్లీ వాయించారు. తమమీద పడ్డ నిందను ఇంత గడుసుగా నెత్తిన పెట్టుకున్న బ్యాండ్ మరొకటి నాకు తెలీదు. ఇంతా చేసి ఆ పాటల్లో ఉండేదెవరు? ఆఫీసులో అలిసిపోయి, పార్టీలో ఎవరితో ఏం మాట్లాడాలో తోచక గోడకు ఆనుకున్న మనిషి. (బెర్నింగర్ కూడా బ్యాండ్ నిలదొక్కుకునేదాకా డిజైన్ ఉద్యోగం చేసినవాడే లెండి.) కొన్ని పాటల రచనలో, ఒకప్పుడు ‘న్యూయార్కర్’ పత్రికలో కథల ఎడిటర్‌గా పనిచేసిన బెర్నింగర్ భార్య చెయ్యీ ఉంది. అందుకేనేమో, ఆ పాటల్లోని దాంపత్యపు తగువుల్లో మొగుడి ఏకపక్ష వాంగ్మూలం కనిపించదు.