వెనుకబడిన జట్టు సాహసం ఎప్పుడు చేయాలి?

ఈ వారం వ్యాసానికి ఒక ప్రశ్న తీసుకుందాం. వెనుకబడినవాడికి సాహసం తప్పదని తెలిసినప్పుడు, దాన్ని ముందే చేయాలా? చివరి నిమిషం దాకా ఆగాలా?

నేనుండేది నయా రాయపూర్‌లో. ఇక్కడి షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో 2025 డిసెంబర్ 3న భారత్ 358 పరుగులు చేస్తే, దక్షిణాఫ్రికా 49.2 ఓవర్లలో ఛేదించింది. అందరూ మార్‌క్రమ్ సెంచరీ గురించి మాట్లాడారు. నాకు మాత్రం బ్రెవిస్ 34 బంతుల్లో కొట్టిన 54 పరుగులు గుర్తుండిపోయాయి. దూకుడంతా ఆఖరి ఓవర్లకు దాచిపెట్టకుండా ముందే ఆడాడు. అతను ఔటైనా, వెనక వచ్చినవాళ్లకు కొట్టాల్సినవి ఎన్నో, మిగిలిన బంతులు ఎన్నో తెలుసు. సర్దుకునే వ్యవధి ఉంది.

ఇదే ప్రశ్న అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇంకా స్పష్టంగా, అంకెల రూపంలో కనిపిస్తుంది. అక్కడ టచ్‌డౌన్ చేస్తే 6 పాయింట్లు. ఆ వెంటనే జట్టు రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. బంతిని గోల్ కర్రల మధ్యకు తన్నితే 1 పాయింట్, ఇది దాదాపు ఎప్పుడూ వస్తుంది. లేదా 2 గజాల దూరం నుంచి మరోసారి బంతిని గీత దాటించే ప్రయత్నం చేయొచ్చు. దాటిస్తే 2 పాయింట్లు, లేకపోతే సున్నా. ఇది సుమారుగా సగం సార్లే ఫలిస్తుంది.

ఇప్పుడు మీ జట్టు 14 పాయింట్లు వెనుకబడి ఉందనుకోండి. సమయం తక్కువ. ఒక టచ్‌డౌన్ చేశారు, తేడా 8కి తగ్గింది. ఏం చేస్తారు? చాలామంది 1 పాయింట్ తీసుకుని తేడా 7కి తెద్దామంటారు. కాగితం మీద లెక్క వేద్దాం. రెండో టచ్‌డౌన్ కూడా వస్తుందని, ప్రత్యర్థి ఇక స్కోరు చేయడని, తన్నిన బంతి గురి తప్పదని, అదనపు సమయంలో గెలుపు సగం సగమని అనుకుందాం.

రెండుసార్లూ 1 పాయింట్ తీసుకుంటే స్కోరు సమమై ఆట అదనపు సమయానికి వెళ్తుంది. అంటే 100 ఆటల్లో 50 గెలుపులు.

మొదటి టచ్‌డౌన్‌కే 2 పాయింట్ల ప్రయత్నం చేస్తే, 100లో 50 సార్లు ఫలిస్తుంది. అప్పుడు రెండో టచ్‌డౌన్ తర్వాత 1 పాయింట్‌తోనే గెలుపు. మిగిలిన 50 సార్లు విఫలమైనా ఆట అయిపోదు. రెండోసారి మళ్లీ 2 కోసం ప్రయత్నిస్తే 25 సార్లు స్కోరు సమమవుతుంది, అందులో సగం గెలుస్తాం. మొత్తం 62 దాటుతుంది. ఇదే లెక్కలో ప్రయత్నం 100కి 39 సార్లు ఫలించే జట్టుకు కూడా ఈ దారిలో నష్టం లేదు.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. 1984 జనవరి 2న మయామీలో జరిగిన ఆరెంజ్ బౌల్‌లో నెబ్రాస్కా 31-17తో వెనుకబడింది. ఒక టచ్‌డౌన్ చేసి, 1 పాయింట్ తీసుకుని 31-24కి వచ్చింది. 48 సెకన్లు మిగిలి ఉండగా మరో టచ్‌డౌన్, 31-30. అప్పటి కాలేజీ ఫుట్‌బాల్‌లో అదనపు సమయం లేదు. 1 పాయింట్ తీసుకుంటే డ్రా, దానితోనే ఛాంపియన్ అనిపించుకునే అవకాశం బలంగా ఉంది. కోచ్ టామ్ ఆస్‌బర్న్ మాత్రం గెలుపు కోసం 2 పాయింట్లకు వెళ్లాడు. పాస్‌కు డిఫెండర్ చెయ్యి తగిలింది, ఆట పోయింది.

ఆయన ధైర్యాన్ని నేటికీ మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. ఓడాడు కాబట్టి నిర్ణయం తప్పని అనను. కానీ గెలుపే లక్ష్యమైతే ఆ సాహసం చోటు 31-23 దగ్గర. అప్పుడు ఫలిస్తే చివర్లో 1 పాయింట్ చాలు. విఫలమైతే కనీసం స్కోరు సమం చేసే అవకాశం మిగిలేది. చివర్లో చేసిన సాహసానికి రెండో అవకాశం లేదు.

మరి కోచ్‌లు ఎందుకు వాయిదా వేస్తారు? నింద భయం. ముందే ప్రయత్నించి విఫలమైతే, ఆట ముగిసేదాకా "వీడే చెడగొట్టాడు" అంటారు. ఆఖర్లో ఓడితే "దురదృష్టం" అంటారు. వాయిదా వల్ల జట్టుకు లాభం లేదు, కోచ్ పరువుకు మాత్రం రక్షణ.

అయితే ఈ సూత్రం అన్నిచోట్లా పనికిరాదు. ఆధిక్యంలో ఉన్నవాడికి ఇది వర్తించదు. ఆ కొద్ది గజాలు నెట్టుకెళ్లే బలం లేని జట్టుకు వర్తించదు. ఒక్కసారి విఫలమైతే కోలుకునే దారే లేనిచోట కూడా వర్తించదు. వెనుకబడి ఉన్నాం, ఎప్పటికైనా రిస్క్ తప్పదు, విఫలమైనా సర్దుకునే వ్యవధి ఉంది. ఈ మూడూ కలిసినప్పుడే ముందు దూకాలి.

ఇదంతా నాకెందుకంటే, నేనూ వాయిదా వేసినవాడినే. మెయిన్స్ జవాబులు రాయడం ప్రిలిమ్స్ అయ్యాక చూద్దామని రెండు ప్రయత్నాలు గడిపాను. "సిలబస్ ఇంకా పూర్తి కాలేదు" అనేది నా సాకు. అసలు భయం వేరే: రాస్తే నా జవాబులు ఎంత బలహీనమో బయటపడుతుంది. ప్రిలిమ్స్ తర్వాత మిగిలే సుమారు మూడు నెలల్లో ఆ బలహీనత తెలిసింది, సరిదిద్దుకునే సమయం దొరకలేదు. అది చివరి 48 సెకన్లలో చేసిన సాహసం.

ఈసారి మొదటి నెల నుంచే రాస్తున్నాను. మార్కులు సిగ్గుపడేలా వస్తున్నాయి. కానీ ఇంకా ఆట మిగిలి ఉంది. మీరు ఏ పరీక్షను వాయిదా వేస్తున్నారో మీకు తెలుసు. దాన్ని ఈ వారమే రాయండి.