హత్య అని తేలాకే నిపుణుడు రావాలా?

జహీరాబాద్ ప్రాంతంలో ఏ చెరుకు తోటలోనో, పాడుబడిన బావిలోనో, ముంబయి హైవే పక్కనో ఒక మృతదేహం కనబడితే ఆ తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. ఎస్‌ఐ వస్తారు, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని పంచనామా రాస్తారు, అనుమానాస్పద మృతి కింద కేసు కడతారు, మృతదేహాన్ని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి పంపుతారు. ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరు పోస్టుమార్టం చేస్తారు. పొద్దు గూకేలోపు దహనమో ఖననమో అయిపోతుంది. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు, అందరూ చట్టం చెప్పినట్టే నడుచుకున్నారు. లోపం ఆ చట్టంలోనే ఉంది. మనిషి ఎలా చనిపోయాడో తేల్చే విద్యను ప్రత్యేకంగా నేర్చినవాళ్లు ఈ వరుసలో ఎక్కడా ఉండనక్కర్లేదు. అలాంటి నిపుణుడు రావాలంటే అది నేరమని ముందే ఎవరికో తట్టాలి. నేరమో కాదో తెలియని చావుకే నిపుణుడి అవసరం ఎక్కువ. నిపుణుడు అందకుండా పోయేది కూడా ఆ చావుకే.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఫోరెన్సిక్ సైన్సుకు పెద్దపీట వేసిందని చెబుతారు. 176వ సెక్షన్ చూస్తే నిజమే అనిపిస్తుంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరం జరిగినట్టు సమాచారం అందితే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, అదంతా వీడియో తీయాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చారు. అదే చట్టంలో 194వ సెక్షన్‌కు వస్తే సంగతి వేరు. ఆత్మహత్యలు, ప్రమాదాలు, అనుమానాస్పద మరణాలు దాని కిందికి వస్తాయి. పాత సీఆర్‌పీసీ 174వ సెక్షన్‌లో ఉన్నదే దాదాపు యథాతథంగా ఇక్కడికి దిగింది. మరణ కారణంపై సందేహం ఉంటే మృతదేహాన్ని సమీపంలోని సివిల్ సర్జన్‌కు గానీ, రాష్ట్ర ప్రభుత్వం ఇందుకోసం నియమించిన మరో అర్హుడైన వైద్యుడికి గానీ పంపాలంటుంది. ఆ వైద్యుడు ఫోరెన్సిక్ మెడిసిన్ చదివి ఉండాలన్న మాట లేదు. పోలీసులు విచారణ నివేదికను 24 గంటల్లో పంపాలన్న గడువు కొత్తగా చేరింది గానీ, శవపరీక్ష ఎవరు చేయాలన్న దగ్గర పాత మాటే మిగిలింది. రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చదివితే మెలిక బయటపడుతుంది. హత్య అని తెలిస్తే నిపుణుడు వస్తాడు. హత్య అని తెలియాలంటే ముందు నిపుణుడు చూడాలి.

ఈ మెలిక ఎంత దూరం తీసుకెళ్లగలదో 2020 మేలో వరంగల్ శివారు గొర్రెకుంట చూపించింది. గోనె సంచుల గోదాము దగ్గరున్న పాడుబావిలో మే 21న నాలుగు శవాలు, మర్నాడు మరో అయిదు బయటపడ్డాయి. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక కుటుంబం, వాళ్లింట్లోని మూడేళ్ల పసివాడు, బిహార్, త్రిపురల నుంచి పనికొచ్చిన యువకులు. లాక్‌డౌన్ రోజులు కావడంతో బతుకుదెరువు పోయి సామూహికంగా ఆత్మహత్య చేసుకున్నారేమోనన్న మాట మొదట వినిపించింది. నమ్మడానికి వీలైన కథ సిద్ధంగానే ఉంది. ఆ కథను కదిలించింది ఎంజీఎం ఆసుపత్రి మార్చురీ. ఈడ్చుకెళ్లినట్టున్న గీతలు, ప్రాణం ఉండగానే నీళ్లలో పడ్డారనడానికి గుర్తులు అక్కడ ఫోరెన్సిక్ వైద్యుల కంటపడ్డాయి. ఒక వ్యక్తి భోజనంలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను బావిలో పడేశాడని దర్యాప్తులో తేలింది. అక్టోబరులో విచారణ కోర్టు నిందితుణ్ణి దోషిగా నిర్ధారించింది. అంతకు ముందు మార్చిలో ఇదే కుటుంబానికి దగ్గరి మహిళను రైలు ప్రయాణంలో చంపి ఆంధ్రప్రదేశ్‌లో కిందికి తోసేశాడని, అది బయటపడుతుందనే ఈ తొమ్మిది మందినీ చంపాడని పోలీసులు చెప్పారు. అక్కడ దొరికిన ఆ మృతదేహం అప్పటిదాకా పేరూ ఊరూ తెలియనిదిగానే ఉండిపోయింది. మొదటి చావు ఎవరిదో, ఎలా జరిగిందో సకాలంలో తేలి ఉంటే తర్వాతి తొమ్మిది ఉండేవా అన్న ప్రశ్న వేసుకోక తప్పదు. గొర్రెకుంట బావి ఎంజీఎంకు దగ్గర్లో ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ విభాగం అందుబాటులో ఉంది. అన్ని బావులూ వైద్య కళాశాలల పక్కన ఉండవు.

ఫోరెన్సిక్ నిపుణుడికీ మామూలు డాక్టరుకూ తేడా తెలివిలో లేదు, తర్ఫీదులో ఉంది. మెడ ఒక్కటే తీసుకుందాం. ఉరి వేసుకుంటే తాడు గుర్తు గొంతుముడికి పైన, ఏటవాలుగా పైకి పోయి ముడి ఉన్నచోట చెరిగిపోతుంది. వెనకనుంచి తాడు బిగించి చంపితే ఆ గుర్తు కాస్త కిందగా, అడ్డంగా, మెడ చుట్టూ ఉంటుంది. ఇంతవరకు ఎంబీబీఎస్ చదివినవాళ్లెవరైనా చెబుతారు. అసలు చిక్కు లోపల ఉంది. నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక విరిగితే గొంతు పిసికినట్టేనని ఒక నమ్మకం. చిన్న వయసులో ఆ ఎముక కొసలు ఇంకా వంగుతూ ఉంటాయి కాబట్టి పిసికి చంపినా విరగకపోవచ్చు. అరవయ్యేళ్ల మనిషి ఉరేసుకున్నా విరగొచ్చు. అందుకని ఎముకతో పాటు దాని చుట్టూ కండరాల పొరల్లో నెత్తురు కమిలిందా లేదా అన్నది చూడాలి. ఆ నెత్తురు బతికుండగా తగిలిన దెబ్బదా, కోసేటప్పుడు కారినదా అన్నది తేలాలంటే ముందు మెదడు తీయాలి, ఛాతీలోని అవయవాలు తీయాలి, మెడలోని నెత్తురంతా దిగిపోనివ్వాలి, ఆఖర్న మెడను పొర పొరగా విప్పాలి. ఈ వరుస తప్పితే లేని గాయం కనబడుతుంది, ఉన్న గాయం కలిసిపోతుంది. ఓపీకీ, కాన్పులకూ, యాక్సిడెంట్ కేసులకూ మధ్య తీరిక చేసుకుని మార్చురీకి వచ్చిన డాక్టరు నుంచి ఇంత ఓపికను రోజూ ఆశించడం న్యాయం కాదు. ఒకసారి కోసిన మెడను మళ్లీ మొదటిసారి కోయడం ఎవరివల్లా కాదు.

జహీరాబాద్ లాంటి చోట విషం కేసులది ఇంకో కథ. సాగు ఉన్న ఊళ్లో పురుగుల మందు ప్రతి ఇంటా ఉంటుంది. మందు తాగినవాణ్ణి మొదట స్థానికంగా చూపిస్తారు, అక్కణ్నుంచి సంగారెడ్డికో, హైదరాబాద్‌కో, సరిహద్దు దాటి బీదర్‌కో తీసుకెళ్తారు. ఎక్కడో ఒకచోట కడుపు కడుగుతారు. కడిగినప్పుడు మొదట వచ్చిన నీళ్లు దాచి ఉంచితే అందులోనే విషం చిక్కగా దొరుకుతుంది. పారబోస్తే ఆ ఆధారం మోరీ పాలవుతుంది. నాలుగు రోజులు వైద్యం పొంది చనిపోయినవాడి విసెరాలో, అంటే పరీక్షకు తీసిన లోపలి అవయవాల్లో, ఏమీ దొరకకపోవచ్చు, అంతమాత్రాన అతను విషం తాగలేదని కాదు. ఇక కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు శరీరంలో కంటికి కనబడే జాడ వదలవు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయినప్పుడు, అంతమంది ఒకేసారి ఆసుపత్రి పాలయ్యారు కాబట్టి అనుమానం వచ్చింది. ఒంటరిగా ఒక్కడు నిద్రలోనే పోతే అనుమానించేదెవరు? విసెరా డబ్బాతో పాటు ల్యాబ్‌కు వెళ్లే లేఖలో ఏ విషం కోసం వెతకాలో రాయాలి. లేఖ రాసేవాళ్లకు తట్టని విషాన్ని ల్యాబ్ కూడా వెతక్కపోవచ్చు.

మనం ఖర్చు పెట్టేదీ, గొప్పగా చెప్పుకునేదీ ల్యాబ్‌ల గురించే. వాటి గొప్పతనాన్ని కాదనలేం. డీఎన్‌ఏ పరీక్షల్లో దేశానికి దారి చూపిన నగరాల్లో హైదరాబాద్ ముందుంటుంది, ఆ దారి వేసినవారిలో సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పేరు చెప్పుకోవాలి. 2013 అక్టోబరులో పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది బుగ్గయినప్పుడు ఎవరి అస్థికలు ఎవరికివ్వాలో చెప్పింది డీఎన్‌ఏనే. మన సంగారెడ్డి జిల్లాలోనే 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగినప్పుడూ అంతే. 46 మంది మృతిని నిర్ధారించారు. మరో ఎనిమిది మంది ఆనవాలే దొరకలేదు. వాళ్ల కుటుంబాలకు అంత్యక్రియలు చేసుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. అందిన ముక్క ఎవరిదో ల్యాబ్ చెప్పగలదు, అందనిదాని గురించి చెప్పలేదు. శవపరీక్ష బల్లకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ తీయని నమూనా, చూడని పొర, రాయని కొలత ఏ ల్యాబ్‌కూ చేరదు. హైదరాబాద్‌లో యంత్రాలు ఎన్ని కొన్నా, మండలాల్లో మొదటి కోత పెట్టే చేతికి తర్ఫీదు లేకపోతే ఆ యంత్రాలకు పని పెట్టలేం.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం, అంతమంది నిపుణులు ఎక్కడున్నారని. ప్రతి ఏరియా ఆసుపత్రికీ ఒకరిని ఇవ్వలేమన్నది నిజం, ఇవ్వనక్కర్లేదు కూడా. తెలంగాణలో ఇప్పుడు జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. సంగారెడ్డి కాలేజీ 2022లోనే మొదలైంది. ఏ వైద్య కళాశాలకైనా ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం తప్పనిసరి, విద్యార్థులకు శవపరీక్షలు చూపించడమూ తప్పనిసరి. జహీరాబాద్ నుంచి సంగారెడ్డికి యాభై కిలోమీటర్ల పైచిలుకు, అంతా హైవేనే. అన్ని మృతదేహాలనూ అక్కడికి తరలించాలని కాదు. నలుగురు చూస్తుండగా జరిగిన రోడ్డు ప్రమాదాన్ని స్థానిక డాక్టరే చూడొచ్చు. ఉరి, నీట మునక, కాలిన గాయాలు, విషం, పెళ్లయిన ఏడేళ్లలోపు చనిపోయిన స్త్రీలు, పోలీసు కస్టడీ మరణాలు, గుర్తుతెలియని శవాలు, చూసినవాళ్లు లేకుండా రోడ్డు మీదో పట్టాల మీదో దొరికినవి మాత్రం నిపుణుడి ముందుకు రావాలి. ఈ జాబితాలో ఉన్నాయంటే చాలు, ఎవరికీ అనుమానం రావాల్సిన పని ఉండదు.

రెండో అభ్యంతరం ఇంటివాళ్లది, అది కొట్టిపారేయదగ్గది కాదు. పోయినవాణ్ణి పొద్దుండగానే సాగనంపాలని ఏ మతంవాళ్లయినా కోరుకుంటారు. యాభై కిలోమీటర్లు తీసుకెళ్లి, ఎదురుచూసి, తిరిగి తేవడమంటే దుఃఖం మీద ఖర్చు. ఆ రవాణా భారం సర్కారే మోయాలి, నిపుణుడు జహీరాబాద్‌కు వచ్చే ఏర్పాటూ ఉండాలి. అయితే తొందర ఖరీదు కూడా లెక్కలోకి రావాలి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్ష పడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆమె సమాధిని తవ్వి అస్థికలకు మళ్లీ పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తర్వాత బిడ్డ సమాధి తవ్వడం కంటే మొదటి రోజు ఆరు గంటలు ఆగడం ఆ తల్లిదండ్రులకు పెద్ద కష్టమయ్యేది కాదు.

మూడో అభ్యంతరం గట్టిది. నిపుణులు మాత్రం తప్పు చేయరా అని. చేస్తారు. కెనడాలోని ఒంటారియోలో చార్లెస్ స్మిత్ అనే వైద్యుడు పిల్లల అనుమానాస్పద మరణాల్లో ఇచ్చిన అభిప్రాయాలతో తల్లిదండ్రులు, సంరక్షకులు నేరస్థులుగా ముద్రపడ్డారు. ఆయన చూసిన 45 కేసులను తిరగతోడితే 20 కేసుల్లో లోపాలు బయటపడ్డాయి. దీనిపై 2008లో నివేదిక ఇచ్చిన జస్టిస్ స్టీఫెన్ గౌజ్ తేల్చిన సంగతుల్లో ఒకటి గమనించాలి. స్మిత్ చిన్నపిల్లల వ్యాధుల పాథాలజిస్టు, ఫోరెన్సిక్ పాథాలజీలో తగిన శిక్షణ పొందలేదు. అంటే ఈ ఉదాహరణ నిపుణులు వద్దని చెప్పదు, సరైన శిక్షణ లేనివాణ్ణి నిపుణుడిగా కూర్చోబెట్టొద్దని చెబుతుంది. దాంతోపాటు నిపుణుడి మాటను కూడా మరో నిపుణుడు సరిచూడగలగాలని చెబుతుంది. అందుకు ఫొటోలు, వీడియో, దాచిన నమూనాలు కావాలి. 2019 డిసెంబరులో దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ తర్వాత హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వచ్చి గాంధీ ఆసుపత్రిలో రెండోసారి పోస్టుమార్టం చేయగలిగారంటే మృతదేహాలను భద్రపరచబట్టే. దేశమంతా చూస్తున్న కేసులో దొరికిన ఆ అవకాశం, ఎవరూ చూడని కేసులో మొదటి పరీక్షకైనా దొరకాలి.

ఇందుకు పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. 194వ సెక్షన్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం ఇందుకోసం నియమించిన వైద్యుడు అన్న మాట ఉంది. పైన చెప్పిన రకాల మరణాలకు ఆ వైద్యుడు ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం నుంచే రావాలని ఒక జీవో ఇస్తే సరిపోతుంది. వాటికి వీడియో తప్పనిసరి చేయాలి, విసెరా నివేదికకు గడువు పెట్టాలి, పోస్టుమార్టం నివేదిక ప్రతిని అడిగించుకోకుండా కుటుంబానికి ఇవ్వాలి. బీదర్‌లో చనిపోయిన మనవాళ్ల విషయంలో కర్ణాటకతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పెట్టుకోవాలి. రాష్ట్రమంతా ఒకేసారి కుదరకపోతే కొత్త కాలేజీ, పారిశ్రామికవాడలు, హైవే, పంటపొలాలు, సరిహద్దు అన్నీ ఉన్న సంగారెడ్డి జిల్లాతోనే మొదలుపెట్టొచ్చు. ఏడాది తిరిగాక లెక్క చూడాలి. స్థానికంగా ఆత్మహత్య, ప్రమాదం అనుకున్న వాటిలో ఎన్ని వేరుగా తేలాయి, హత్య అని నింద పడినవాళ్లలో ఎందరు బయటపడ్డారు? ఆ రెండు అంకెలూ సున్నా అయితే ఈ వాదన తప్పని ఒప్పుకోవచ్చు. అంతవరకు మన దగ్గర జరిగే అనుమానాస్పద మరణాల్లో ఎన్నింటిని సరిగ్గా చదివామో చెప్పే ఆధారం ప్రభుత్వం దగ్గర కూడా లేనట్టే.