ఖాళీ బోరు వృథాయేనా?

గత సంచికలో డ్రిల్లింగ్ యంత్రాలను గురించిన వ్యాసం చదివి, అన్వేషణ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి సతీమణి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. "మా వారు ఏడాదిలో ఎనిమిది నెలలు అడవిలో, క్యాంపులోనే గడుపుతారు. ఈసారి ఏమైనా దొరికిందా అని అడిగితే 'లేదు, ఖాళీ బోరే' అంటారు. అంత శ్రమా, అంత ధనమూ మట్టిపాలేనా?" అన్నది వారి ప్రశ్న. దీనికి సమాధానంగా కొంత లెక్క, కొంత కథ చెప్పవలసి ఉంటుంది.

ముందు లెక్క. యంత్రం భూమి లోపలి నుంచి కోసి తెచ్చే రాతి కడ్డీని కోర్ అంటాము. దాని వ్యాసం సుమారు 54 మిల్లీమీటర్లు. నూరు మీటర్ల దూరానికొక బోరు చొప్పున వేసినా, ఆ నేలలో మనం కళ్లారా చూసేది దాదాపు 43 లక్షల వంతులలో ఒక్క వంతు మాత్రమే. మిగిలినదంతా ఊహ. ఏ బోరులో ఏ లోతున ఏ రాయి తగిలింది, పొర ఎటు వాలింది అన్న వివరాలను ఒకదానితో ఒకటి ముడివేసి, ఆ ఊహకు శాస్త్రీయ రూపం ఇచ్చేదే భూగర్భ మోడల్.

ఇక కథ. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో సాన్ మాన్యుయెల్ అనే పెద్ద రాగి గని ఉండేది. దాని పొరుగు నేలలో పూర్వం వేసిన బోర్లలో లాభసాటి రాగి తగలలేదు. 1965లో డేవిడ్ లోవెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పాత బోర్ల రాతి నమూనాలను మళ్లీ పరిశీలించారు. ఆయన రాగి కోసం వెదకలేదు, రాతిలో వచ్చిన మార్పులను వెదికారు. రాగిని మోసుకువచ్చే వేడి ద్రవాలు చుట్టూ ఉన్న రాతిని వలయాలుగా మారుస్తాయి. లోపల పొటాష్ ఫెల్డ్‌స్పార్, బయొటైట్. దాని చుట్టూ సెరిసైట్, పైరైట్. అన్నిటికీ వెలుపల పచ్చని క్లోరైట్, ఎపిడోట్. సాన్ మాన్యుయెల్ గనిలో ఈ వలయాలు సగమే కనిపించాయి. స్తంభం వంటి ఆ నిక్షేపం ఎప్పుడో పక్కకు ఒరిగిందనీ, తరువాత ఒక భ్రంశం దానిని నిలువునా చీల్చగా పై సగం నైరుతి దిక్కుగా సుమారు రెండున్నర కిలోమీటర్లు జారిపోయిందనీ లోవెల్ నిర్ణయించారు. ఆయన చెప్పిన చోట వందల మీటర్ల లోతున ఆ రెండవ సగం దొరికింది. అదే కలమజూ నిక్షేపం. ఖాళీ అనిపించుకున్న బోర్లే దానికి దారి చూపాయి.

నేడు ఈ ముడివేసే పని కంప్యూటరు క్షణాలలో చేస్తుంది. అయితే భ్రంశం ఉన్నదని మనం చెప్పకపోతే, దానికి అటూ ఇటూ ఉన్న పొరలను నున్నగా కలిపి గీసి చేతికిస్తుంది! బోరు ఆరంభం నుంచే ఒక్క డిగ్రీ వంకరపోయినా 500 మీటర్ల లోతుకు చేరేసరికి దాదాపు 9 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఆ వంకరను కొలవడం డ్రిల్లింగ్ సిబ్బందికి విసుగు పుట్టించే పనే. నేనూ ఒకప్పుడు విసుక్కున్నవాడినే.

అంతకంటె పెద్ద పొరపాటు నా ఉద్యోగపు తొలి సంవత్సరాలలో జరిగింది. ఒక క్యాంపులో ఖాళీ బోర్ల కోర్ పెట్టెలను ఆరుబయట వదలివేశాము. చెక్క పెట్టెలను చెదలు తిన్నాయి, వానకు చీటీలు చెరిగిపోయాయి. కొన్నేళ్ల తరువాత అక్కడ భ్రంశం ఉండవచ్చునన్న అనుమానం కలిగి ఆ కోర్ కోసం వెళితే, ఏ రాయి ఏ లోతుదో చెప్పగలవారు లేకపోయారు. చివరకు పాత బోరుకు పది అడుగుల దూరంలో కొత్త బోరు వేయవలసి వచ్చింది. పెట్టెల మీద చీటీలు అంటించిన వారిలో నేనూ ఒకణ్ణి. అచ్చు గుద్దిన అల్యూమినియం రేకు పెట్టి ఉంటే సరిపోయేది.

ఉత్తరం వ్రాసిన సోదరికి ఒక విన్నపం. ఈసారి మీ వారు ఇంటికి వచ్చినప్పుడు, ఏమి దొరికిందని కాక, కోర్ పెట్టెలు షెడ్డుకు చేరాయా అని అడిగి చూడండి.