యాస మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది.. ఇంతకీ ఎవరి యాసలోకి?

ఫ్రాన్స్‌కు చెందిన టెలిపర్‌ఫార్మెన్స్ ప్రపంచంలోని అతిపెద్ద కాల్ సెంటర్ కంపెనీల్లో ఒకటి. ఇండియాలో కూర్చుని మాట్లాడే తన ఉద్యోగుల యాసను, అవతలి కస్టమర్ చెవిన పడేలోపే మార్చేసే సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నట్లు 2025లో వార్తలొచ్చాయి. దాన్ని తయారుచేసింది సానాస్ అనే అమెరికన్ స్టార్టప్. గొంతు మీదే, మాటలూ మీవే. యాస మాత్రం మీది కాదు. శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని నుంచి బీటెక్ చేసి సపోర్ట్ జాబ్‌లకో, అమెరికాలో ఎంఎస్‌కో ట్రై చేస్తున్నవాళ్లకు ఇది ఎక్కడో జరిగే ముచ్చట కాదు. సరే, మారుస్తారు. ఎవరి యాసలోకి?

అమెరికన్ యాస అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, అక్కడ కూల్‌డ్రింక్‌కే ఒక్క పేరు లేదు. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో అది సోడా. షికాగో, డెట్రాయిట్ వైపు పాప్. దక్షిణాదిలో చాలామందికి ఏ డ్రింక్ అయినా కోకే, మన దగ్గర ఏ ఫొటోకాపీ అయినా జిరాక్స్ అయినట్లు. పొడుగు బ్రెడ్డుతో చేసే శాండ్‌విచ్ ఫిలడెల్ఫియాలో హోగీ, న్యూయార్క్‌లో హీరో, మిగతా చాలాచోట్ల సబ్. మంచినీళ్ల ఫౌంటెన్‌ను విస్కాన్సిన్‌లో కొన్నిచోట్ల బబ్లర్ అంటారు. ఇక పలకడం చూస్తే, దక్షిణాదిలో చాలామంది నోట పిన్, పెన్ ఒకేలా వినిపిస్తాయి. అందుకే రాసే పెన్ను అని తెలియడానికి ‘ఇంక్ పెన్’ అని విడమర్చి చెప్తుంటారు.

ఇవేవో సరదా కబుర్లు అనుకోకండి. ఇలాంటి మాటలను పోగుచేసిన అమెరికా ప్రాంతీయ పదాల నిఘంటువు విస్కాన్సిన్ యూనివర్సిటీ నుంచి 1985లో మొదలై, అక్షరక్రమంలో చివరి మాట దాకా రావడానికి 2012 అయింది. మీ మాటలను బట్టి మీ ఊరు చెప్పే ఒక క్విజ్‌ను న్యూయార్క్ టైమ్స్ 2013 డిసెంబర్ చివర్లో పెడితే, ఆ ఏడాది మొత్తంలో ఎక్కువమంది చూసింది అదే అయ్యింది. తన మాటకు ఒక ఊరు ఉందని తెలుసుకోవాలని ప్రతివాడికీ ఉంటుంది కదా.

మన బెల్టువాళ్లకు దగ్గరగా అనిపించేది పిట్స్‌బర్గ్. బొగ్గుతో, ఉక్కుతో పెరిగిన ఊరు. ‘మీరంతా’ అనడానికి దక్షిణాదివాళ్లు యాల్ అంటే, చాలామంది అమెరికన్లు యూ గైజ్ అంటే, పిట్స్‌బర్గ్ కార్మికవాడల్లో యిన్జ్ అంటారు. ఒకప్పుడు అది చదువురానివాళ్ల మాట కింద లెక్క. 1980ల్లో ఉక్కు మిల్లులు వరసగా మూతపడి జనం వేరే ఊళ్లకు వలసపోయాక అదే మాట టీషర్టుల మీదికి ఎక్కింది. కార్నెగీ మెలన్ ప్రొఫెసర్ బార్బరా జాన్‌స్టోన్ దీని మీద 2013లో ఒక పుస్తకమే తెచ్చారు.

మన దగ్గరా గని అనేది పేపర్లో రాసే మాట, ఇంట్లో అది బాయి. ‘మా నాయిన బాయికి పోయిండు’ అంటే నీళ్ల కోసం పోలేదని శ్రీరాంపూర్‌లో పుట్టిన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. మస్టర్, నాగా, ప్లే డే, ఓవర్‌మెన్, సర్దార్.. ఇవన్నీ ఇంగ్లిషు, ఉర్దూ, హిందీ, తెలుగు కలిసి భూమి కింద తయారైన భాష. కరీంనగర్, వరంగల్ పల్లెలవాళ్లు, కోస్తావాళ్లు, ఉత్తరాదివాళ్లు ఒకే షిఫ్టులో దిగితే మాటలు అట్లనే కలుస్తాయి. ఇంగ్లండ్ ఈశాన్యంలో గని కార్మికులు మాట్లాడుకునే యాసకు పిట్‌మాటిక్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. మనదానికి ఇంకా పేరు పెట్టలేదు, అంతే.

తెలుగు మొత్తం తీసుకున్నా అంతే. మనకు ఉల్లిగడ్డ, కోస్తాలో ఉల్లిపాయ. మన ఆలుగడ్డ వాళ్లకు బంగాళాదుంప, రాయలసీమలో ఉర్లగడ్డ. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లోనే ఊరూరా సేకరించిన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. తెలుగును నాలుగు మాండలిక ప్రాంతాలుగా చూపించిందీ ఆయనే. కానీ పాఠ్యపుస్తకం, పేపరు, సినిమా హీరో చాలాకాలం మాట్లాడింది అందులో ఒక్క ప్రాంతం భాషే. మిగతావాటికి కామెడీ ట్రాక్ దక్కింది. అందుకే మనోళ్లు ఇంటర్వ్యూలో రెండు యాసలు దాచుకుంటూ కూర్చుంటారు, ఇంగ్లిషులో ఒకటి, తెలుగులో ఒకటి.

ఇప్పుడు అసలు సమస్య మెషిన్లతో. అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల స్పీచ్ సాఫ్ట్‌వేర్లను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షించి 2020లో ఫలితాలు ఇచ్చారు. తెల్లజాతి అమెరికన్లు మాట్లాడితే సగటున నూటికి 19 మాటలు తప్పుపోయాయి, నల్లజాతివాళ్లు మాట్లాడితే 35. సొంత దేశం పౌరులకే ఇదీ పరిస్థితి. మన మాటను టెక్స్ట్‌గా మార్చి మార్కులేసే ఇంటర్వ్యూ రౌండ్ ఎదురైతే, మన తప్పు ఎంత, మెషిన్ తప్పు ఎంత అని తేల్చేదెవరు? చిత్రమేంటంటే, మెషిన్‌కు మాట వినడం నేర్పిన తొలితరంలో ముఖ్యుడు మన తెలుగువాడు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అదే పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

నా లెక్కలో యాస అరువు తెచ్చుకోవడం టైమ్ వేస్ట్. అవతలివాళ్లకు నిజంగా అడ్డుపడే నాలుగైదు సౌండ్లు సరిచేసుకుంటే చాలు. మాట మొదట్లో వచ్చే ‘పి’ని అమెరికన్లు కొంచెం గాలి వదిలి పలుకుతారు. మనం వదలం కాబట్టి మన ‘పిన్’ వాళ్ల చెవికి ‘బిన్’లా పడొచ్చు. మనకు ‘వ’ ఒక్కటే, వాళ్లకు రెండు. వెస్ట్ అంటే దిక్కా, ఒంటికి వేసుకునే వెస్టా అన్నది పెదాలు గుండ్రంగా చుడితేనే తెలుస్తుంది. వినేటప్పుడు ఇంకో చిక్కు: వాటర్‌లో నడుమనున్న ‘ట’ వాళ్ల నోట మెత్తబడి దాదాపు ‘వాడర్’ అవుతుంది.

మాటల్లోనూ జాగ్రత్త. ‘2023లో పాస్‌డ్ అవుట్’ అని చెప్తే స్పృహ తప్పావా అనుకుంటారు. గ్రాడ్యుయేటెడ్ అనండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు చిన్న ప్రశ్న, వాళ్లకు మీరు నమ్మడం లేదని అర్థం. మీటింగ్‌ను ప్రీపోన్ చేద్దామంటే చాలామందికి అర్థమే కాదు.

తెలుగు వైపు మాత్రం మెషిన్‌ను మనమే మార్చే వీలుంది. గూగుల్‌తో కలిసి బెంగళూరు ఐఐఎస్సీ చేస్తున్న ‘వాణి’ ప్రాజెక్టు లక్ష్యమే జిల్లాజిల్లా మాటను రికార్డు చేయడం. కేంద్రం ‘భాషిణి’లోని భాషాదాన్‌లో ఎవరైనా ఫోన్ నుంచే గొంతు ఇవ్వొచ్చు. తెరమీద వచ్చిన వాక్యం చదివేటప్పుడు న్యూస్ రీడర్ గొంతు తెచ్చుకోకండి. సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చిన మీ నాయినతో ఎట్ల మాట్లాడుతరో అట్లనే చదవండి.