శిబిరం ముగిసిన మరునాడు

మన బస్తీలలో గుండె వైద్య శిబిరాలకు కొదవ లేదు. ఫలానా ఆసుపత్రి సౌజన్యంతో ఉచిత పరీక్షలని వీధి మొగలో బ్యానరు కడతారు. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు వరుసలో నిలబడినవారికి రక్తపోటు, చక్కెర చూసి, ఈ.సి.జి. తీసి, ఒక చీటీ చేతికిస్తారు. ‘బి.పి. ఎక్కువగా ఉంది, డాక్టరుకు చూపించుకోండి’ అని చెబుతారు. సాయంత్రానికి షామియానా విప్పేస్తారు. ఎందరికి పరీక్షలు జరిగాయో మర్నాటి పత్రికలో వార్త వస్తుంది. ఆ చీటీ పట్టుకుని ఇంటికి వెళ్ళిన మనిషి ఏమయ్యాడన్నది ఆ వార్తలో ఉండదు. ఏ రిజిస్టరులోనూ ఉండదు.

శిబిరాలు నిర్వహించేవారి సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. అయితే అధిక రక్తపోటు ఒక్కరోజులో తేలిపోయే వ్యవహారం కాదు. అది ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా రక్తనాళాలను దెబ్బతీసి, చివరకు గుండెపోటుగానో, పక్షవాతంగానో, మూత్రపిండాల వైఫల్యంగానో బయటపడుతుంది. దాన్ని కనిపెట్టడానికి కొద్ది నిమిషాలు చాలు. అదుపులో ఉంచడానికి జీవితకాలపు శ్రద్ధ కావాలి. కనుక గుండె ఆరోగ్యం పేరిట సమాజంలోకి వచ్చే ప్రతి సేవనూ ఒకే ప్రశ్నతో కొలవాలని మా అభిప్రాయం. శిబిరం ముగిసిన మరునాడు ఏం జరుగుతోంది?

ఈ ప్రశ్నకు అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఉన్న సీడర్స్-సైనాయ్ వైద్య కేంద్రం అంకెలతో సమాధానం చెప్పింది. ఆ కేంద్రానికి చెందిన స్మిడ్ట్ హృదయ వైద్య సంస్థలో పనిచేసిన డాక్టర్ రొనాల్డ్ విక్టర్ బృందం నల్లజాతి పురుషుల రక్తపోటుపై జరిపిన పరిశోధన 2018లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడింది. ఆ పరిశోధన జరిగింది ఆసుపత్రి గదుల్లో కాదు, క్షౌరశాలల్లో.

క్షౌరశాలలనే ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి. అమెరికాలో అధిక రక్తపోటు భారం నల్లజాతివారిపై ఎక్కువ. అయినా ఆ జాతి పురుషులు వైద్యుని గడప తొక్కడం తక్కువ. దీన్ని కేవలం నిర్లక్ష్యమని కొట్టిపారేయలేం. 1932 నుంచి 1972 వరకు నలభై ఏళ్ళపాటు అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య విభాగమే నల్లజాతి పేదలపై ఒక అధ్యయనం నడిపింది. సిఫిలిస్ సోకిన 399 మందికి జబ్బు సంగతి సరిగా చెప్పలేదు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. జబ్బు ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు. కానీ ఒక జాతి మనసులో విరిగిన నమ్మకం ఒక్క క్షమాపణతో అతుక్కోదు. అల్పసంఖ్యాక వర్గాలు వైద్యానికి దూరంగా ఉన్నాయని నిందించే ముందు, వైద్యం వారితో ఎలా మెలిగిందో అడగడం న్యాయం.

డాక్టర్ విక్టర్ బృందం ఆ విరిగిన నమ్మకం ఇంకా ఎక్కడ మిగిలి ఉందో వెతికింది. ఏళ్ళ తరబడి ఒకే క్షురకుని దగ్గరకు వెళ్ళే అలవాటు అక్కడి నల్లజాతి పురుషులలో ఉంది. ఇంటి సంగతులు, ఊరి సంగతులు మాట్లాడుకునే చోటు అది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో నల్లజాతివారే యజమానులుగా ఉన్న 52 క్షౌరశాలలను ఎంచుకున్నారు. అక్కడికి క్రమం తప్పకుండా వచ్చేవారిలో రక్తపోటు పై అంకె 140 లేదా అంతకు మించి ఉన్న 319 మందిని చేర్చుకున్నారు. క్షౌరశాలలను రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో క్షురకుడు తన ఖాతాదారుకు మంచి మాటలు చెబుతాడు. ఉప్పు తగ్గించమంటాడు, వైద్యుని దగ్గరకు వెళ్ళమంటాడు. రెండో భాగంలో క్షురకుడు అతణ్ణి అదే దుకాణానికి వచ్చే ఫార్మసిస్టుకు పరిచయం చేస్తాడు. ప్రత్యేక శిక్షణ పొందిన ఆ ఫార్మసిస్టు, వైద్యులతో కుదుర్చుకున్న ఒప్పందం మేరకు అక్కడికక్కడే మందులు రాస్తాడు, రక్త పరీక్ష చేస్తాడు, మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తాడు, అవసరమైతే మందు మారుస్తాడు.

ఆరు నెలల తరువాత లెక్క చూశారు. మొదట్లో ఇరువర్గాల సగటు పై అంకె 150 దాటే ఉంది. సలహా మాత్రమే విన్నవారిలో అది 9.3 మిల్లీమీటర్లు తగ్గింది. ఫార్మసిస్టు చేతికి మందు అందించినవారిలో 27 మిల్లీమీటర్లు తగ్గింది. 130/80 కంటే దిగువకు చేరినవారు మొదటి వర్గంలో నూటికి 12 మంది కాగా, రెండో వర్గంలో నూటికి 64 మంది. ఏడాది పూర్తయ్యాక చూసినా ఆ తేడా నిలిచే ఉంది.

ఈ ఫలితాన్ని ‘క్షౌరశాలలో బి.పి. చూస్తే చాలు’ అని చదువుకుంటే పొరపాటే. రెండు వర్గాలలోనూ క్షురకుడు ఉన్నాడు, నమ్మకం ఉంది, మంచి మాట ఉంది. తేడా మరెక్కడో లేదు; మందు, దాన్ని క్రమంగా సరిచూసే మనిషి, ఆ మనిషి తిరిగి రావడం. ఈ మూడూ ఉన్నచోట రక్తపోటు అదుపులోకి వచ్చింది. కేవలం సలహా ఉన్నచోట కొంత తగ్గి ఆగిపోయింది. మన శిబిరాలు చాలావరకు ఆ మొదటి వర్గపు స్థాయిలోనే ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే అంతకంటే దిగువనే ఉన్నాయి. అక్కడి క్షురకుడు కనీసం మరుసటి క్షవరానికి వచ్చినప్పుడైనా ‘మందు తీసుకుంటున్నావా’ అని అడుగుతాడు. మన శిబిరంలో పరీక్షించిన చేయి మళ్ళీ కనబడదు.

అది ధనిక దేశం, ఆ ఖర్చు మనం భరించగలమా అన్న సందేహం సహజం. దానికి సమాధానం మన పొరుగునే ఉంది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో డాక్టర్ తజీన్ జాఫర్ నాయకత్వంలో జరిగిన మరో పరిశోధన 2020లో అదే వైద్య పత్రికలో వెలువడింది. 30 పల్లె ప్రాంతాలలో 2,645 మంది రక్తపోటు రోగులను రెండేళ్ళపాటు గమనించారు. సగం ప్రాంతాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి రక్తపోటు చూసి, జాగ్రత్తలు చెప్పి, ఎక్కువగా ఉన్నవారిని శిక్షణ పొందిన వైద్యుల దగ్గరకు పంపారు. మిగతా ప్రాంతాలలో మామూలు వైద్యమే సాగింది. కార్యకర్తలు తిరిగినచోట పై అంకె సగటున 9 మిల్లీమీటర్లు, తిరగనిచోట సుమారు 4 మిల్లీమీటర్లు తగ్గింది. లాస్ ఏంజెలెస్ అంత పెద్ద తేడా కాదిది. అయినా పేద పల్లెల్లో, ఉన్న సిబ్బందితోనే, రెండేళ్ళు నిలిచిన తేడా. ఇందులో మనం గమనించవలసింది మరొకటి ఉంది. క్షౌరశాల పురుషుల చోటు. ఆ పరిశోధనలో స్త్రీలు లేరు. ఇంటి గడప దాకా వెళ్ళే కార్యకర్త మాత్రం తల్లులను, అత్తలను, నానమ్మలను కూడా చేరుకుంటుంది. మన ఇళ్ళలో అందరి మందులూ గుర్తుపెట్టుకుని, తన బి.పి. ఎంతో తెలియని గృహిణులు ఎందరో.

ఈ విషయం మనకెందుకు అత్యవసరమో కూడా చెప్పుకోవాలి. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన డాక్టర్ సలీం యూసుఫ్ నేతృత్వంలో 52 దేశాలలో ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం జరిగింది. 2004లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, గుండెపోటు ముప్పులో నూటికి తొంభై వంతులకు పైగా తొమ్మిది కారణాలతోనే ముడిపడి ఉంది. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, రక్తంలోని కొవ్వులు వాటిలో ముఖ్యమైనవి. అదే అధ్యయనం చెప్పిన మరో మాట మరింత కలవరపెడుతుంది. ఇతర దేశాలవారికి మొదటి గుండెపోటు సగటున 59వ ఏట వస్తుంటే, మన దక్షిణాసియావారికి 53వ ఏటనే వస్తోంది. ఆ ఆరేళ్ళు ఒక కుటుంబానికి చిన్నవి కావు. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, ఇంటి అప్పు ఆ ఆరేళ్ళలోనే ఉంటాయి. ఆటో నడిపేవాడో, వెల్డింగు పనివాడో, తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునేవాడో మంచాన పడితే ఆ ఇంటికి జీతం పంపే కార్యాలయమేదీ లేదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని మేము అనడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద గుండెలకు ఆపరేషన్లు చేయించింది. 2017లో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని మొదట చేపట్టిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. నిర్ణీత మందులు, రోగికో చికిత్స కార్డు, తిరిగి రానివారిని గుర్తించి పిలిపించడం ఆ కార్యక్రమంలోని ముఖ్యాంశాలు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు పనిచేస్తున్నాయి. అంటే మందు ఉంది, దవాఖానా ఉంది. శిబిరంలో చీటీ అందుకున్న మనిషికీ, ఆ దవాఖానాకూ మధ్య వంతెన లేదు. ఆ వంతెన వేయడమే ఆసుపత్రుల బాధ్యత, మన సంఘాల బాధ్యత కూడా.

ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. కాగితం మీద లేని మనిషి ప్రభుత్వానికి కనబడడు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చేదాకా మన వెనుకబాటుతనం ఒక ఆరోపణగా ఉండేది. ఆ తరువాత అది కాదనలేని లెక్క అయింది. వైద్య పరిశోధనలోనూ ఇదే జరిగింది. గుండె జబ్బుల గురించి లోకానికి ఎంతో నేర్పిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1948లో మొదలైనప్పుడు అందులో చేరినవారు దాదాపు అందరూ తెల్లవారే. నల్లజాతివారి గుండెల లెక్క కోసం 2000లో మిసిసిపీ రాష్ట్రంలో జాక్సన్ హార్ట్ స్టడీ మొదలుకావలసి వచ్చింది. ఐదు వేలమందికి పైగా చేరిన ఆ అధ్యయనంలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంతో పాటు నల్లజాతివారి విద్యాసంస్థలైన జాక్సన్ స్టేట్, టుగలూ కళాశాల భాగస్వాములయ్యాయి. అంటే ఆ సమాజం పరీక్షకు చేయి చాచి ఊరుకోలేదు, పరిశోధన బల్ల దగ్గర కుర్చీ కూడా తీసుకుంది.

మన సంఘాలు ఆ కుర్చీని అడగడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక రిజిస్టరు చాలు. శిబిరంలో రక్తపోటు ఎక్కువగా ఉన్నట్టు తేలిన ప్రతివారి పేరు, ఫోను నంబరు వారి అనుమతితో రాసుకోవాలి. ఆ పుస్తకం గోప్యంగా ఒక బాధ్యుని దగ్గర ఉండాలి. మరో రోజున మళ్ళీ కొలిచి, జబ్బు నిర్ధారణ అయినవారిని దగ్గరి దవాఖానాలో నమోదు చేయించాలి. నెలకోసారి మసీదు ప్రాంగణంలోనో, పాఠశాలలోనో బి.పి. కొలిచే ఏర్పాటు ఉండాలి. స్త్రీల కోసం ఆశా కార్యకర్త సహాయంతో ఇంటి దగ్గరే ఆ ఏర్పాటు జరగాలి. తలనొప్పి తగ్గిందనో, ఒంట్లో బాగుందనో మాత్ర మానేసేవారికి, వైద్యుణ్ణి అడగకుండా మానకూడదని నచ్చజెప్పే మనిషి వీధికొకరు ఉండాలి. మూడు నెలలకు ఆ రిజిస్టరు తెరిచి, ఎందరు మందు మొదలుపెట్టారు, ఎందరు కొనసాగిస్తున్నారు, ఎందరి అంకె 140 కంటే దిగివచ్చింది అని లెక్క వేయాలి. ఆ లెక్కను శిబిరం పెట్టిన ఆసుపత్రికీ, మండల వైద్యాధికారికీ అందజేయాలి.

ఈసారి ఏ ఆసుపత్రి వారైనా మీ బస్తీలో గుండె వైద్య శిబిరం పెడతామని వస్తే సంతోషంగా ఆహ్వానించండి. బ్యానరు అచ్చుకు పంపేముందు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. జబ్బు ఉందని తేలినవారికి మందు ఎవరిస్తారు? మీరు మళ్ళీ ఏ తారీఖున వస్తారు? మూడు నెలల తరువాతి లెక్క మాకు ఇస్తారా? సమాధానాలను కాగితం మీద రాయించుకుని, ఆ తరువాతే షామియానాకు తేదీ ఖాయం చేయండి.